దీవెన ఎడమ చెయ్యి

మా పాప తలకు వైర్లు అంటించిన రోజుకి దానికింకా పేరు పెట్టలేదు. కాలికి కట్టిన పట్టీ మీద ‘సునీత బేబీ’ అని రాసి ఉండేది. ఆ సునీతను నేనే. తార్నాకలో ఒక స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతాను. మా ఆయన సుధీర్‌కి యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం. క్యాంపస్ లోపలే, వాన పడితే వంటింట్లో గిన్నెలు పెట్టుకోవాల్సిన ఒక క్వార్టర్‌లో ఉంటాం.

ఈ మధ్య ఎవరెవరి ద్వారానో నా నంబరు తెలుసుకుని కొందరు తల్లులు ఫోన్ చేస్తున్నారు. పుట్టిన బిడ్డకు ఫిట్స్ వచ్చాయనీ, తలకు వైర్లు పెట్టారనీ, మీ పాప ఇప్పుడెలా ఉందనీ. ఫోన్లో నేను సరిగ్గా చెప్పలేను. అందుకని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మాకు జరిగింది ఇది. మీకూ ఇలాగే జరుగుతుందని చెప్పడం లేదు, జరగదనీ చెప్పడం లేదు.

వానలు మొదలైన వారం

పుట్టినప్పుడు అంతా బాగానే ఉంది. గట్టిగా ఏడ్చింది, పాలు తాగింది. మా అత్తయ్య రేపల్లె నుంచి బస్సు దిగి నేరుగా ఆసుపత్రికే వచ్చింది. ఆవిడ చాలా ఏళ్ళు చర్చి పని చేసిన మనిషి. ఊరూరా తిరిగి రోగుల మంచాల పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. పాపను చేతుల్లోకి తీసుకుని ముందు ప్రార్థన చేసి, తర్వాత ముక్కు వాళ్ళబ్బాయిదనీ, రంగు నాదనీ తేల్చింది. రంగు సంగతి కొంచెం విచారంగానే తేల్చింది.

మర్నాడు మధ్యాహ్నం పాప ఎడమ చెయ్యి కదలడం మొదలుపెట్టింది. పెద్దగా ఏమీ కాదు. పిడికిలి బిగించి, ఒకే వేగంతో, ఒకే చోట కొట్టుకుంటోంది.

“చూడు సునీతా, తాళం వేస్తోంది! పెద్దయ్యాక చర్చి క్వయిర్‌లో పాడుతుంది,” అంది అత్తయ్య.

నేనూ నవ్వాను. నాకు ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చిన నర్సు మాత్రం నవ్వలేదు. ఆ చేతిని మెల్లగా తన వేళ్ళ మధ్య పట్టుకుంది. ఊరికే వచ్చే వణుకైతే అలా పట్టుకుంటే ఆగిపోతుందట. అది ఆగలేదు. నర్సు వేళ్ళ మధ్య కూడా కొట్టుకుంటూనే ఉంది. ఆమె పాపను ఎత్తుకుని గబగబా వెళ్ళిపోయింది. అత్తయ్య చేతులు పాపను పట్టుకున్నట్టే గాల్లో ఉండిపోయాయి.

పసిపిల్లల ఐసీయూ ముందు ఒక పొడుగాటి హాలు. అక్కడ కూర్చునే వాళ్ళందరూ తలుపు వైపే చూస్తుంటారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరూ సగం లేస్తారు, తమ పేరు కాకపోతే మళ్ళీ కూర్చుంటారు. నేను కుట్ల నొప్పితో గోడకు ఆనుకుని నిలబడి ఉంటే, తలుపు దగ్గర కాపలా ఉండే ఆమె తన కుర్చీ తెచ్చి నా పక్కన వేసింది.

“గీడ కూసో బిడ్డా. పచ్చి బాలెంతవు, గట్ల నిలవడితే ఎట్ల? నీ పేరు పిలిస్తె నేను చెప్త గదా.”

ఆ రోజంతా ఆమె నిలబడే డ్యూటీ చేసింది. ఆమె పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

డాక్టరమ్మ చిన్న వయసావిడ. మాటలు తూచి మాట్లాడుతుంది. “బయటికి కనిపించే ఫిట్స్ కొన్నేనండీ,” అంది. “కొన్ని లోపలే వచ్చి పోతాయి. పాప హాయిగా పడుకున్నట్టే ఉంటుంది, కానీ బ్రెయిన్‌లో ఫిట్ నడుస్తుంటుంది. అది మన కంటికి కనపడదు. అందుకే తలకు వైర్లు పెట్టి, ఈఈజీలో ఆపకుండా చూస్తున్నాం. మందు పనిచేస్తోందా లేదా అన్నది కూడా దాంట్లోనే తెలుస్తుంది.”

లోపలికి వెళ్ళి చూశాను. నా అరచేతిలో పట్టే తల. దాని నిండా రంగురంగుల సన్నటి వైర్లు, వాటి మీద తెల్లటి బ్యాండేజీ టోపీ. పక్కన తెర మీద గీతలు పరుగెడుతున్నాయి. ఆ గీతలు నా కూతురి మెదడు అని చెప్పారు. నేను పాపను వదిలేసి తెరనే చూస్తూ నిలబడ్డాను. పాప కదలకుండా పడుకుని ఉంది. గీతలు ఉన్నట్టుండి ఒకవైపు మాత్రం చిక్కగా, పదునుగా లేచాయి. డాక్టరమ్మ వేలితో చూపించింది. “ఇది ఫిట్. చూడండి, పాప ఏమీ చేయట్లేదు.” ఏడ్చే పిల్లను ఎత్తుకోగలను, కొట్టుకునే చేతిని పట్టుకోగలను. ఇక్కడ నాకు పట్టుకోవడానికి ఏమీ లేదు.

స్కానింగ్‌లో తెలిసింది, మెదడులో కుడివైపు ఒక చిన్న చోటికి రక్తం అందలేదట. ఎందుకని అడిగితే, చాలామంది పిల్లల్లో కారణం దొరకదన్నారు. మా బంధువులకు మాత్రం వెంటనే దొరికింది. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్ చేసి, “వాళ్ళ వైపు ఎవరికైనా మూర్ఛ ఉందేమో కనుక్కున్నావా?” అంది. రేపల్లె నుంచి మా ఆడపడుచు వాళ్ళన్నయ్యకు ఫోన్ చేసి సరిగ్గా అదే ప్రశ్న మా వైపు గురించి అడిగింది. సుధీర్, నేనూ ఒకే బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని ఈ రెండు ఫోన్లూ విన్నాం. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, తన ఫోన్‌తో పాటు ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. మా పెళ్ళయిన తర్వాత ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

నేను లెక్కల టీచర్ని కదా, జవాబు కావాలి నాకు. డాక్టరమ్మ కనిపించినప్పుడల్లా అదే అడిగేదాన్ని. నడుస్తుందా? మాట్లాడుతుందా? బడికి వెళ్తుందా?

“ఫిట్స్ మందుకి లొంగాయి, అది మంచి విషయం. ఫిట్స్ లేని టైమ్‌లో వచ్చే మామూలు గీతలు కూడా బాగవుతున్నాయి. నిద్రకి ఒకలా, మెలకువకి ఒకలా మారుతున్నాయి. అది ఇంకా మంచి విషయం. కానీ గ్యారంటీ ఇవ్వలేనండీ.”

“మరెవరిస్తారండీ?”

కోపంగానే అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. “పాపే చెప్తుంది. మెల్లగా చెప్తుంది. మీరు ఓపిక పట్టాలి,” అంది.

ఓపిక నా దగ్గర లేని వస్తువు. నా క్లాసు పిల్లలనడిగితే చెబుతారు.

ఇంటికొచ్చాక

దీవెన అని పేరు పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం. ఫిట్స్ మందు వేస్తే మత్తుగా పడుకునేది. లేపి పాలు పట్టేసరికి మళ్ళీ మగత. మెలకువగా ఉన్న కాసేపూ నేను దానికి కాపలా కాసేదాన్ని. చెయ్యి కదిలితే చాలు, వెళ్ళి పట్టుకునేదాన్ని. ఆగిందా? ఆగింది. మళ్ళీ కదిలితే మళ్ళీ పట్టుకునేదాన్ని. క్యాంపస్‌లో నెమళ్ళు అరిస్తే ఉలిక్కిపడేది. దాంతో పాటు నేనూ ఉలిక్కిపడి చెయ్యి పట్టుకునేదాన్ని.

“పిల్లను ఆడుకోనియ్యవా ఏంటమ్మా? పోలీసులా ఎప్పుడూ చేతులు పట్టుకోవడమేనా?” అని విసుక్కుంది అత్తయ్య ఒకరోజు.

పొద్దున్నే సుధీర్ పాపను భుజాన వేసుకుని చెట్ల కింద తిప్పేవాడు. అక్కడ పోటీ పరీక్షలకు చదువుకునే అబ్బాయిలూ అమ్మాయిలూ బెంచీల మీద పుస్తకాలు పరుచుకుని ఉంటారు. ఒకమ్మాయి రోజూ పుస్తకంలోంచి తలెత్తి, “అన్నా, మీ పాప ఇయ్యాల నవ్విందా?” అని అడిగేదట. ఒకరోజు నవ్విందని సుధీర్ చెబితే ఆ పిల్ల లేచి చప్పట్లు కొట్టిందట. ఆ మాట చెప్పడానికి ఆయన ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నిజానికి నవ్వు కంటే చప్పట్ల సంగతే ఎక్కువ చెప్పాడు.

దసరా సెలవులు అయ్యాక

మళ్ళీ ఈఈజీ తీయాలన్నారు. ఇది బాగుంటే మందు మెల్లగా తగ్గించి ఆపేస్తారు. బాగోకపోతే ఇంకెన్నాళ్ళో తెలియదు. ఆ మందు మత్తు వదిలితే గానీ నా బిడ్డ అసలు ఎలాంటిదో నాకు తెలియదని నా బాధ. పుట్టినప్పటి నుంచీ దాన్ని నేను సగమే చూశాననిపించేది.

టెక్నీషియన్ అమ్మాయి ఫోన్ చేసి రెండు జాగ్రత్తలు చెప్పింది. తలకు నూనె ఉండకూడదు, ఉంటే వైర్లు అంటుకోవు. పాపను దారిలో పడుకోనివ్వకూడదు, అక్కడికొచ్చాకే పడుకోవాలి.

నూనె మాట అత్తయ్యకు చెప్పడానికి భయపడ్డాను. మాడుకు నూనె అద్దకపోతే పిల్ల ఎలా పెరుగుతుందన్నది ఆవిడ ప్రశ్న. కానీ విన్న వెంటనే కొబ్బరినూనె సీసా తీసుకెళ్ళి అటక మీద పెట్టేసింది. ముందు రోజు సబ్బుతో తలస్నానం చేయించింది. ఆ ఉదయం మళ్ళీ కడిగి, పాప తల నా ముక్కు దగ్గర పెట్టి, “చూసుకో. నూనె వాసన ఉందా? లేదుగా?” అంది. లేదు. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

తర్వాత నేను స్నానానికి వెళ్ళాను. సుధీర్ ఆటో కోసం వెళ్ళాడు. ఆ మధ్యలో సీతాఫల్‌మండి నుంచి అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరుగారు, వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. పరీక్ష రోజు కదా అని అత్తయ్యే పిలిచిందట.

తార్నాకలో ఆసుపత్రి దాకా పాపను మెలకువగా ఉంచడానికి ఆటోలో అత్తయ్యా, సుధీర్, నేనూ నానా తిప్పలూ పడ్డాం. నేను పాడాను. సుధీర్ అరికాళ్ళు గిల్లాడు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా పాప కళ్ళు మూతలు పడుతుంటే ఆటో డ్రైవరు కూడా వెనక్కి తిరిగి, “ఏ చిట్టీ, పండుకోకు!” అని కేకేశాడు. ఎలాగో గదిలోకి చేరి, పాపను పడుకోబెట్టగానే క్షణంలో నిద్రపోయింది. టెక్నీషియన్ అమ్మాయి పేస్టు రాసి ఒక వైరు పెట్టింది. జారింది. ఇంకోటి పెట్టింది. అదీ జారింది.

“మేడమ్, నూనె పెట్టిన్రా?”

“లేదమ్మా. అస్సలు పెట్టలేదు.”

“మరి గిదేంది? జారుతున్నది, చూడున్రి.”

నేను వేలితో తాకి చూశాను. నడినెత్తి మీద జిడ్డు. వెనక్కి తిరిగి అత్తయ్య వంక చూశాను. ఆవిడ ముఖంలో తప్పు చేసిన ఛాయే లేదు.

“నూనె ఎక్కడిదమ్మా? పొద్దున అయ్యగారు ప్రార్థన నూనె రాశారు, అంతే.”

“అది నూనే కదా అత్తయ్యా!”

“అది ప్రార్థన నూనె,” అంది, నాకు తెలియని సంగతి నెమ్మదిగా చెబుతున్నట్టు.

ఆవిడ వాదించడం లేదు. ఆవిడ లెక్కలో ఆ రెండూ ఒక జాతి వస్తువులే కావు. అటక మీదున్నది తలకు రాసుకునేది. బైబిలు పక్కనున్న చిన్న సీసాలోది దేవుడిది. డాక్టర్లు వద్దన్నది మొదటిదాన్ని. రెండోదాన్ని వద్దనే హక్కు డాక్టర్లకు ఉంటుందని ఆవిడకు కల్లో కూడా తోచదు.

తల కడిగారు. పాప లేచింది. లేచి, ఏడ్చి, ఆపింది గానీ మళ్ళీ పడుకోలేదు. నిద్రలో గీతలు లేకుండా ఈ పరీక్షతో లాభం లేదని, వారం తర్వాత రమ్మన్నారు.

ఇంటికొచ్చాక నోరు విప్పాను. ఏమేమన్నానో అన్నీ ఇక్కడ రాయను. మత్తు మందు నా బిడ్డ ఇంకో వారం మింగాలి, ఎవరి భక్తి కోసం అని మాత్రం అడిగాను. సుధీర్ మధ్యలోకి వచ్చి, “అమ్మ కావాలని చెయ్యలేదు కదా సునీ,” అన్నాడు.

“కావాలని చేసుంటే బాగుండేది. తిట్టుకోవడానికైనా వీలుండేది!”

అత్తయ్య ఆ పూట అన్నం తినలేదు. బ్యాగు సర్దుకుంది. సాయంత్రం పాప ఏడిస్తే, సర్దిన బ్యాగు పక్కనే కూర్చుని ఒళ్ళో వేసుకుని ఊపింది. బ్యాగు ఆ వారమంతా అలాగే గోడ పక్కన ఉంది.

వారం తిరిగింది. పరీక్ష రోజు ఉదయం అయ్యగారు మళ్ళీ వచ్చారు. ఈసారి నేను స్నానానికి వెళ్ళలేదు. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన చిన్న సీసా మూత తీశారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అంది:

“అయ్యగారూ, తలకొద్దండీ. అరికాళ్ళకు రాయండి. దేవుడికి తలైతే ఏంటి, పాదాలైతే ఏంటి.”

ఆయన సీసా వంకా, పాప పాదాల వంకా చూశారు. ఇన్నేళ్ళ సేవలో ఆయన్నెవరూ అలా అడిగి ఉండరు. తర్వాత పెద్దాయన వంగి, ఒక్కో అరికాలికి ఒక్కో చుక్క రాశారు. బయట ఆటో హారన్ కొడుతోందని ప్రార్థన కూడా పొట్టిగా ముగించారు. నాకు ఆ నిమిషంలో అత్తయ్య మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఆవిడ దేవుడితోనే బేరమాడింది, నా కూతురి కోసం.

వైర్లన్నీ అంటుకున్నాయి. పాప నిద్రపోయింది. గీతలు మామూలుగా నడిచాయి. “పాప కాళ్ళేంది, గింత జిడ్డుగున్నయి?” అని అడిగింది టెక్నీషియన్ అమ్మాయి. అత్తయ్య కిటికీలోంచి రోడ్డు చూడసాగింది. సాయంత్రానికి డాక్టరమ్మ ఫిట్స్ జాడ లేదనీ, మందు తగ్గించుకుంటూ పోదామనీ చెప్పింది. ఇంటికి రాగానే అత్తయ్య బ్యాగులోంచి చీరలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

ఎండాకాలం

మందు ఆగిపోయాక మా ఇంట్లోకి ఒక కొత్త పిల్ల వచ్చింది. కిలకిలా నవ్వేది, జుట్టు పీకేది, నా కళ్ళజోడు మీదికి దూకేది. అత్తయ్యకు ఒక గొప్ప సంగతి కనిపించింది. ఏది ఇచ్చినా కుడి చేత్తోనే తీసుకుంటుంది. బిస్కెట్టు ఎడమవైపు పెట్టినా ఒళ్ళంతా తిప్పి కుడి చెయ్యే చాపుతుంది.

“చూశావా, ఎవరూ నేర్పకుండానే! ఎడమ చెయ్యి పెట్టనే పెట్టదు. ఎంత మర్యాదో!”

చర్చిలో అందరికీ చెప్పింది. మేమందరం మురిసిపోయాం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు అత్తయ్యే బిస్కెట్టు తీసి చేయించి చూపించింది. డాక్టరమ్మ నవ్వలేదు. పాప ఎడమ పిడికిలిని విప్పి చూసింది. ఎడమ పాదాన్ని వంచి చూసింది.

“ఏడాది నిండకముందు పిల్లలు రెండు చేతులూ సమానంగా వాడాలండీ. ఒక్క చెయ్యే వాడుతోందంటే రెండోది బలహీనంగా ఉందని అర్థం,” అంది. కుడివైపు మెదడులో దెబ్బ తిన్న చోటు ఎడమ చేతిని, ఎడమ కాలిని నడిపించేదట. పాప మెల్లగా చెబుతుందన్న జవాబుల్లో మొదటిది ఇదే.

మీ ఇంట్లో ఇలాంటి పాపాయి ఉంటే, ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. ముందే చూపించడం మంచిది.

తిరిగొస్తూ క్యాంపస్‌లో ఒక చెట్టు కింద కూర్చున్నాం. అత్తయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మెచ్చుకున్నానే సునీతా. ఊరందరి ముందూ మెచ్చుకున్నానే,” అని ఏడ్చింది. నేను ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేశాను. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఇద్దరం కలిసి ఏడుస్తుంటే దీవెన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి నవ్వింది.

ఫిజియోథెరపీ అమ్మాయి పని చెప్పింది. రోజూ కాసేపు కుడి చేతికి సాక్సు తొడిగి, ఎడమ చేత్తోనే ఆడించాలి. ఎడమ చేతికే ఇవ్వాలి, ఎడమ చేత్తోనే తీసుకోనివ్వాలి. ఆ పని అత్తయ్య తన మీద వేసుకుంది. జీవితంలో ఒక్కసారి కూడా ఎడమ చేత్తో ఎవరికీ మంచినీళ్ళివ్వని మనిషి, రోజంతా “ఎడం చెయ్యి తల్లీ, ఎడం చెయ్యి! అదీ నా బంగారం!” అని కూర్చునేది. పిల్ల సాక్సు వద్దని ఏడిస్తే, ఏడ్చినంతసేపూ తన కుడి చేతికి కూడా ఒక సాక్సు తొడుక్కునేది.

ఒక ఆదివారం చర్చిలో కానుక సంచీ మా వరసలోకి వచ్చింది. అత్తయ్య నాణెం పాప ఎడమ చేతిలో పెట్టింది. వేళ్ళు విప్పుకోవడం లేదు. సంచీ పట్టుకున్న పెద్దాయన ఓపిగ్గా నిలబడి, “కుడి చేత్తో వేయించండమ్మా,” అన్నాడు మెల్లగా. “లేదండీ. దాని కష్టం ఆ చేతిలోనే ఉంది. దేవుడికి అదే ఇవ్వనివ్వండి,” అంది అత్తయ్య. పాట అయిపోయింది. సంచీ మా దగ్గరే ఆగి ఉంది. వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. చివరికి వేళ్ళు విప్పుకుని నాణెం సంచీలో పడింది.

ఇప్పుడు

దీవెనకు రెండేళ్ళు దాటాయి. ఫిట్స్ మళ్ళీ రాలేదు. రావని ఎవరూ చెప్పలేదు. మాటలు కొన్నే వచ్చాయి. అందులో ‘నానమ్మ’ ముందొచ్చింది, ‘అమ్మ’ తర్వాత. నాకు కాస్త కడుపుమంటగానే ఉంది. నడక ఆలస్యంగా వచ్చింది. ఎడమ పాదం ముని వేళ్ళ మీద పడి, కొద్దిగా ఈడుస్తుంది. రోడ్డు మీద అది నడుస్తుంటే నేను కాలినే చూస్తాను. ఎంత ఈడుస్తోంది, నిన్నటి కంటే తక్కువా, ఎక్కువా? ఎదురొచ్చేవాళ్ళు కూడా కాలినే చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ఆ చూపు నాకు అలవాటు కాలేదు.

పోయిన నెల చెకప్‌కి వెళ్ళాం. పసిపిల్లల ఐసీయూ ముందున్న అదే హాలు. మా పక్క కుర్చీలో ఒక చిన్న వయసు తల్లి, అంబర్‌పేట నుంచి వచ్చిందట. కళ్ళు వాచి ఉన్నాయి. బాబు లోపల ఉన్నాడు.

“మీ పాపకు ఏమైందక్కా?”

“పుట్టినప్పుడు ఫిట్స్ వచ్చాయమ్మా.”

ఆమె ఒక్కసారిగా నా వైపు తిరిగింది. “తలకు వైర్లు పెట్టిన్రా?”

“పెట్టారు.”

అప్పటికి దీవెన నా మోకాలు వదిలేసి కుర్చీల వరస పట్టుకుని బయల్దేరింది. ఎడమ పాదం నేలకు రాసుకుంటోంది. నాకు అలవాటైన సిగ్గో, భయమో లోపలి నుంచి లేచింది. ముందే చెప్పేద్దామని, “ఎడమ కాలు కొంచెం…” అని మొదలుపెట్టాను.

ఆమె వినడం లేదు. లేచి నిలబడింది. హాలు చివర నీళ్ళు పట్టుకుంటున్న భర్తను గట్టిగా పిలిచింది.

“ఓ, ఇగో, జల్ది రా! ఈ పాపకు గూడ మనోనికి అయినట్టే అయిందంట. వైర్లు పెట్టిన్రంట. నడుస్తున్నది జూడు! ఎంత మంచిగ నడుస్తున్నది జూడు!”

అతను నీళ్ళ సీసా మూత కూడా పెట్టకుండా వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి నా కూతురు నడవడం చూశారు. కాలిని కాదు, నడకను చూశారు. తన్నెవరో చూస్తున్నారని తెలిస్తే దీవెనకు ఎక్కడలేని హుషారు. వరస చివరిదాకా వెళ్ళి, గోడ తాకి, వాళ్ళ కోసం మళ్ళీ వెనక్కి నడిచి వచ్చింది.